ఆ ఇంట్లో మీరెవరు?

‘యూరప్‌లో ఓ కుటుంబంతో ఏడాది గడపండి. పిల్లలతో ఆడుకోండి. గది, భోజనం ఉచితం. పైగా పాకెట్ మనీ!’ ఇన్‌స్టాగ్రామ్‌లోనో, టెలిగ్రామ్ గ్రూపులోనో ఇలాంటి ప్రకటన మీకూ ఎదురయ్యే ఉంటుంది. సర్టిఫికెట్లు చేతికొచ్చి ఆఫర్ లెటర్ మాత్రం రానప్పుడు ఈ ప్రకటనలు ఇంకా అందంగా కనిపిస్తాయి. వాటిలో మోసాలున్నాయి, నిజమైన అవకాశాలూ ఉన్నాయి. రెండింటినీ విడదీసి చూడటానికి ఒక్క ప్రశ్న చాలు: ఆ ఇంట్లో మీరెవరు?

కడప ప్రాంతం వాళ్లకు ఈ ప్రశ్న కొత్తేమీ కాదు. పరాయి దేశం, పరాయి ఇల్లు, వాళ్ల పిల్లల్ని చూసుకునే పని. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు నుంచి ఎందరో మహిళలు దశాబ్దాలుగా కువైట్ వెళ్లి చేస్తున్నది అదే కదా. ఆ సంపాదనతోనే ఇక్కడ ఎన్నో ఇళ్లు లేచాయి, ఎందరో పిల్లలు కాలేజీ గడప తొక్కారు. వాళ్లను ఎవరూ వాలంటీర్లని పిలవలేదు, ఇంటి పనివాళ్లనే అన్నారు. మీరు వెళ్తే బ్రోచర్‌లో ‘కుటుంబ సభ్యురాలు’, ‘పెద్దన్నయ్య లాంటివాడు’ అని రాస్తారు. బ్రోచర్ మాట బ్రోచర్‌దే. మీరెవరో చెప్పేది మాత్రం వీసా మీద ఉన్న పదం, మీరు సంతకం పెట్టిన కాగితం.

పని ఒకటే, హోదాలు వేరు

పిల్లలతో గడుపుతూ విదేశీ కుటుంబంలో ఉండటానికి ప్రధానంగా నాలుగు దారులున్నాయి.

మొదటిది స్వల్పకాల వాలంటీరింగ్. 1948లో మొదలైన విద్యార్థుల సంస్థ ఐసెక్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. దీని ‘గ్లోబల్ వాలంటీర్’ కార్యక్రమంలో 18 నుంచి 30 ఏళ్ల వారు ఆరు నుంచి ఎనిమిది వారాలు మరో దేశంలో పనిచేయొచ్చు. బడి పిల్లలకు ఇంగ్లిష్, కంప్యూటర్ నేర్పే ప్రాజెక్టులు ఇందులో ఎక్కువే. బస కొన్నిచోట్ల హాస్టల్‌లో, కొన్నిచోట్ల స్థానిక కుటుంబంలో ఉంటుంది. దీనికి హైదరాబాద్‌లో శాఖ ఉంది. ప్రోగ్రామ్ ఫీజు, విమానం, వీసా ఖర్చులన్నీ మీవే. ఇక్కడ మీరు అతిథి.

రెండోది ‘ఓ పేర్’. ఇది ఫ్రెంచ్ మాట. ‘సమాన స్థాయిలో’ అని అర్థం. అంటే ఆ ఇంట్లో పనిమనిషిగా కాకుండా కుటుంబంతో సమానంగా ఉండాలన్నది ఆ పేరులోనే ఉంది. 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఐరోపా ఒప్పందం ఓ పేర్‌లను అటు విద్యార్థులుగానూ, ఇటు కార్మికులుగానూ కాకుండా రెండింటి లక్షణాలూ ఉన్న ప్రత్యేక వర్గంగా గుర్తించింది.

మూడోది జర్మనీ తరహా స్వచ్ఛంద సేవా సంవత్సరం. అక్కడ నిర్బంధ సైనిక సేవను నిలిపేసిన 2011లోనే ఫెడరల్ వాలంటరీ సర్వీస్ మొదలైంది. కిండర్‌గార్టెన్‌లో, దివ్యాంగ పిల్లల కేంద్రంలో పని. బస కొన్ని సంస్థలు గదుల్లో ఇస్తాయి, కొన్ని కుటుంబాల దగ్గర ఏర్పాటు చేస్తాయి. ఇక్కడ మీరు ఇంటికి అద్దెమనిషి లాంటివారే. పని, బాధ్యత అంతా సంస్థతోనే.

నాలుగోది ఇంటి పని ఉద్యోగం. గల్ఫ్‌కు వెళ్లేది దీనికే. ఇందులో తక్కువతనమేమీ లేదు. కానీ దానికి జీతం వేరు, చట్టం వేరు. చిక్కంతా నాలుగో పని చేయించుకుంటూ రెండో పేరు పెట్టినప్పుడే వస్తుంది.

గంటల లెక్క చూడండి

తేడా ఎంతో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు గరిష్ఠంగా 12 గంటల పని, వారానికో సెలవు అని చెబుతుంది. ఆరు రోజులకు లెక్కేస్తే 72 గంటలు. జర్మనీలో ఓ పేర్‌కు వారానికి 30 గంటలే, అదీ రోజుకు ఆరు గంటలు మించకుండా. ‘పిల్లల్ని చూసుకోవడం’ అనే ఒకే మాట వెనక ఇంత దూరం ఉంది.

జర్మనీ నిబంధనలు తెలుసుకుంటే మిగతా దేశాలను పోల్చుకోవడం తేలిక. వీసాకు దరఖాస్తు చేసేనాటికి వయసు 18 నిండి ఉండాలి, 27 నిండకూడదు. అబ్బాయిలూ అర్హులే. జర్మన్‌లో ఏ1 స్థాయి రావాలి. కాలం ఆరు నెలల నుంచి ఏడాది. నెలకు 280 యూరోల పాకెట్ మనీ, అంటే మన లెక్కలో పాతిక, ముప్పై వేల మధ్య. భాషా కోర్సుకు నెలకు 70 యూరోల సాయం. సొంత గది, భోజనం, బీమా కుటుంబమే చూడాలి. ఏడాదికి నాలుగు వారాల సెలవు. విమానం టికెట్ సాధారణంగా మీదే.

పిల్లల్ని బడికి దింపడం, అల్పాహారం పెట్టడం, ఆడించడం, తేలికపాటి ఇంటి పనుల్లో చేయి కలపడం మీ వంతు. ఇంట్లో వృద్ధులకు సేవ చేయడం ఓ పేర్ పని కాదు.

ఇంకో నిబంధన మనవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆ ఇంట్లో మాట్లాడుకునే భాష జర్మన్ అయి ఉండాలి. ఆ తల్లిదండ్రుల సొంత దేశం, మీ దేశం ఒకటి కాకూడదు. కాబట్టి ‘ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన తెలుగువాళ్లే, పిల్లల్ని చూసుకోవడానికి ఓ పేర్ వీసా మీద పిలిపిస్తారు’ అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. ఆ దారి చట్టంలో లేదు.

ఫ్రాన్స్‌లో 18 నుంచి 30 ఏళ్ల వారికి అవకాశం ఉంది. వారానికి 25 గంటలు, నెలకు కనీసం 320 యూరోలు. అమెరికాలో జే1 వీసా కింద 18 నుంచి 26 ఏళ్ల వారు వెళ్లొచ్చు. అక్కడ పని వారానికి 45 గంటల దాకా ఉంటుంది. విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ ద్వారానే వెళ్లాలి. రెండేళ్లలోపు పాప ఉన్న ఇంటికైతే ఆ వయసు పిల్లల్ని చూసుకున్న 200 గంటల అనుభవం రుజువు చేయాలి. ఈ 200 గంటల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

మనకు చోటు లేనివీ తెలియాలి. యూరోపియన్ సాలిడారిటీ కోర్ పేరు నెట్‌లో తరచూ కనిపిస్తుంది. అది ఐరోపా, దాని పొరుగు దేశాల యువతకే. బ్రిటన్ విజిటర్ వీసా మీద వాలంటీరింగ్ చేయొచ్చు కానీ రిజిస్టరైన చారిటీలో, అదీ 30 రోజుల వరకే. టూరిస్ట్ వీసా మీద ఏడాది పాటు ఎవరింట్లోనో పిల్లల్ని చూసుకోవచ్చని చెప్పేవారు మిమ్మల్ని చట్టం బయటకు తోస్తున్నట్టే.

డిగ్రీ ఉన్నవాళ్లకే రక్షణ తక్కువ

ఇది చాలామంది ఆలోచించని విషయం. పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. అలాంటి వారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ పాస్‌పోర్టుతో ఇంటి పనికి వెళ్లే మహిళలకు కనీస వయసు 30. అమల్లో లోపాలుండొచ్చు, అయినా మధ్యలో కాగితాలు చూసే ఒక అధికారి ఉంటాడు.

డిగ్రీ చదివిన మీ పాస్‌పోర్టుకు ఆ తనిఖీ లేదు. మీ ఒప్పందం ఎవరూ చదవరు. చదవాల్సింది మీరే. రాయచోటిలో కువైట్ వెళ్లొచ్చిన పెద్దమ్మో, పిన్నో మీ వీధిలోనే ఉంటే ఒక సాయంత్రం కూర్చుని అడగండి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర పెట్టుకున్నారు, సెలవు రోజున బయటికి పోనిచ్చారా, జ్వరమొస్తే ఎవరు చూశారు, ఫోన్ చేతిలో ఉండిందా. హోస్ట్ ఫ్యామిలీని మీరు అడగాల్సిన ప్రశ్నలు చాలావరకు ఆమె అనుభవంలోనే ఉన్నాయి. ఏ కన్సల్టెన్సీ వెబినార్‌లోనూ అంత సూటిగా దొరకవు.

పిల్లల వైపు నుంచి కూడా చూడాలి

ఇంతవరకు మాట్లాడింది మీ గురించి. ఇందులో మీకంటే చిన్నవాళ్లు, నోరు విప్పి ఫిర్యాదు చేయలేని వాళ్లు ఉన్నారు. వాళ్లు పిల్లలు.

కొన్ని దేశాల్లో అనాథాశ్రమాల్లో రెండు వారాలు, నాలుగు వారాలు గడిపే ప్యాకేజీలు అమ్ముతారు. పిల్లలు మిమ్మల్ని అల్లుకుపోతారు, మీరు వెళ్లిపోతారు, వచ్చే వారం ఇంకొకరు వస్తారు. ఏడాదిలో పదిసార్లు ఇష్టమైన మనిషిని పోగొట్టుకుంటే పసిమనసు ఏమవుతుందో ఆలోచించండి. అంతకంటే పెద్ద సమస్య ఇంకోటి ఉంది. కాంబోడియా, నేపాల్ వంటి చోట్ల అలాంటి కేంద్రాల్లోని పిల్లల్లో ఎక్కువ మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని బయటపడింది. వాలంటీర్లు కట్టే డబ్బు కోసమే పిల్లల్ని ఇళ్ల నుంచి తెచ్చి పెడుతున్న చోట్లూ ఉన్నాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాల వాలంటీరింగ్ వల్ల జరిగే హానిని ప్రస్తావించింది.

అందుకే సూత్రం తేలిగ్గా పెట్టుకోండి. పిల్లలు తమ ఇళ్లలోనే ఉంటూ బడికో, ఆటల కేంద్రానికో వచ్చే చోట, పక్కన శాశ్వత టీచర్ ఉండే చోట పని మంచిది. మీ పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగే సంస్థను నమ్మొచ్చు. ఏమీ అడగకుండా, డబ్బు కట్టగానే పిల్లల మధ్యకు పంపే సంస్థ వాళ్ల భద్రతను పట్టించుకోనట్టే. కర్నూలు, కడప పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి. క్లియరెన్స్‌కు దరఖాస్తు పాస్‌పోర్టు సేవా పోర్టల్ ద్వారానే.

ఫొటోల సంగతీ ఇంతే. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం మన దేశంలో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. ఇక్కడ చేయకూడనిది అక్కడా చేయకూడదు. రీల్ కోసం పరాయి పిల్లల ముఖాలు వాడుకోవద్దు.

మొదలు ఇక్కడే

విదేశాల్లో పిల్లలతో పనిచేయాలనుకునే వారికి కర్నూలు పశ్చిమ ప్రాంతం కంటే మంచి బడి లేదు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం మండలాల్లో వానలు మోసం చేసిన ఏడు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, కర్ణాటక, తెలంగాణల్లో పత్తి తీతకు. వెంట పిల్లలూ పోతారు, బడి ఆగిపోతుంది. అలాంటి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. సాయంత్రం లెక్కలు చెప్పేవారు, కథలు చదివించేవారు, ఆడించేవారు అక్కడ ఎప్పుడూ తక్కువే.

దీనికి కాలేజీ నుంచి అదనపు సమయం అడగక్కర్లేదు. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరితే రెండేళ్లలో 240 గంటలు. చాలామంది దీన్ని సర్వే ఫారాలు నింపి, స్నేహితుడి రిపోర్టు పేరు మార్చి ముగిస్తారు. దాని బదులు అంగన్‌వాడీలోనో, ప్రభుత్వ పాఠశాలలోనో నిజంగా గడపండి. తేదీ, గంటలు, ఏ వయసు పిల్లలు, ఏం చేశారు అని ఒక షీట్‌లో రాసుకుని ప్రధానోపాధ్యాయుడి సంతకం, ముద్ర తీసుకోండి. అమెరికా వాళ్లు అడిగే 200 గంటల్లాంటి అనుభవం మూడు నాలుగేళ్ల కాలేజీ జీవితంలో ఇలా సులువుగానే కూడుతుంది. రెండేళ్లలోపు పిల్లల అనుభవానికి మాత్రం బడి కాదు, క్రెష్ లాంటి చోటు వెతుక్కోవాలి. ఇంకో లాభం కూడా ఉంది. పదిరోజులకే విసుగొచ్చిందనుకోండి, ఆ సంగతి ఆదోనిలో తెలియడం మేలు. హాంబర్గ్‌లో తెలిస్తే తిరుగు టికెట్ ఖరీదు.

తర్వాత భాష. హైదరాబాద్‌లోని గోథే సెంట్రమ్‌లో జర్మన్, అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఫ్రెంచ్ నేర్చుకుని పరీక్ష రాయొచ్చు. డబ్బు ఇబ్బంది ఉన్నవారికి మన సీమలోనే ఒక దారి ఉంది. 1969 నుంచి అనంతపురం కేంద్రంగా పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు గ్రామీణ పేద కుటుంబాల గ్రాడ్యుయేట్లకు ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, జర్మన్, ఫ్రెంచ్‌లలో శిక్షణ ఇస్తూ వచ్చింది. కొత్త బ్యాచ్ ఎప్పుడో నేరుగా వాళ్లనే కనుక్కోండి.

భాషను తేలిగ్గా తీసుకోవద్దు. పెద్దవాళ్లతో ఇంగ్లిష్‌లో నెట్టుకురావచ్చు. నాలుగేళ్ల పిల్లాడు ‘కడుపు నొప్పి’ అని జర్మన్‌లో ఏడిస్తే గూగుల్ ట్రాన్స్‌లేట్ తెరిచేలోపే సమయం మించిపోతుంది. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన సీపీ బ్రౌన్‌ను రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఈ ఊరు తలుచుకుంటోంది. ఆయన పేరున గ్రంథాలయం నిలిచింది. ఆయన ఇక్కడ ఉచిత పాఠశాలలు పెట్టించారు, తెలుగు నేర్చుకుని ఆ భాషకే జీవితాన్ని ఇచ్చారు. వచ్చిన చోటి మాట నేర్చుకున్నవాడే ఆ చోటికి పనికొస్తాడు.

కెరీర్‌కు ఎంత ఉపయోగం?

నిజం మాట్లాడుకుందాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే లక్ష్యమైతే ఏడాది ఓ పేర్‌గా ఉండటం వల్ల కోడింగ్ మెరుగుపడదు. చాలా కంపెనీలు చదువులో, ఉద్యోగంలో ఉన్న విరామాన్ని అడుగుతాయి. అలాంటివారు వేసవిలో ఆరు వారాల ప్రాజెక్టుతో ఆగడం తెలివైన పని. ఇంటి నుంచే చేయాలంటే యూఎన్ వాలంటీర్స్ ఆన్‌లైన్ సేవ ఉంది. అది ఫీజు తీసుకోదు.

టీచింగ్, ప్రత్యేక విద్య, సోషల్ వర్క్, ఎడ్‌టెక్ వైపు వెళ్లాలనుకుంటే ఈ అనుభవం నేరుగా లెక్కలోకి వస్తుంది. జర్మనీలో నర్సింగ్ వంటి వృత్తి శిక్షణకు సాధారణంగా బీ1 స్థాయి భాష అడుగుతారు. ఆ ఇంట్లో ఏడాదిని బాగా వాడుకున్నవారు ఆ స్థాయికి చేరుకోవచ్చు. రెజ్యూమేలో ‘ఇంటర్నేషనల్ ఎక్స్‌పోజర్’ అని రాసి వదిలేయకండి. ‘మూడేళ్లు, ఆరేళ్ల ఇద్దరు పిల్లల బాధ్యత, వారానికి 30 గంటలు, 11 నెలలు, బీ1 సర్టిఫికెట్’ అని రాయండి. ఇంటర్వ్యూ చేసేవారు అడగడానికి అప్పుడు విషయం ఉంటుంది.

డబ్బు కట్టే ముందు

జర్మనీలోని ఏజెన్సీ ఓ పేర్ దగ్గర వసూలు చేయగల ఫీజుకు గరిష్ఠ పరిమితి 150 యూరోలు. వీసా రుసుము 75 యూరోలు. ఎవరైనా ‘ప్యాకేజీ రెండు లక్షలు’ అంటే మిగతా డబ్బు దేనికో లిఖితపూర్వకంగా అడగండి. గల్ఫ్ ఉద్యోగమైతే ఏజెంటు పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. అక్కడా సర్వీస్ చార్జి పరిమితి రూ.30 వేలు, జీఎస్టీ అదనం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌ను సంప్రదించొచ్చు.

కుటుంబం ఫొటోలు పంపితే రివర్స్ ఇమేజ్ సెర్చ్ చేయండి. అదే ఫొటో ఏ స్టాక్ ఫొటోల సైట్‌లోనో కనిపించొచ్చు. వెబ్‌సైట్ ఎప్పుడు రిజిస్టరైందో హూయిజ్‌లో చూడండి. ‘ఇరవై ఏళ్ల అనుభవం’ అనే సంస్థ డొమైన్ వయసు మూడు నెలలైతే అర్థం చేసుకోండి. వీడియో కాల్‌లో తల్లిదండ్రులతో పాటు పిల్లల్నీ, మీ గదినీ చూపించమనండి. ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఓ పేర్‌తో మాట్లాడాలని అడగండి. మంచి కుటుంబం దీనికి నొచ్చుకోదు.

ఒప్పందంలో ఇవి కనిపించాలి: వారానికి గంటలు, సెలవు రోజు, డబ్బు ఏ తేదీన, గదికి లోపల గడియ, బీమా ఎవరిది, రాత్రిళ్లు ఎన్నిసార్లు పిల్లల్ని చూడాలి, కుదరకపోతే ఎన్ని రోజుల నోటీసుతో బయటికి రావొచ్చు. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు మీ ఖాతాలో వేరుగా ఉండాలి. ఒప్పందం కాపీ, ఇంటి చిరునామా, ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం నంబరు అమ్మానాన్నల ఫోన్‌లో ఉండాలి. ‘పరాయి ఇంట్లో ఆడపిల్ల ఏడాది ఎట్లుంటుంది?’ అని నాయన అడిగితే కోప్పడకండి. ఆ ప్రశ్నకు ఈ కాగితాలే జవాబు. అవి చూపించలేకపోతే ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

అతిథిగా వెళ్తే అతిథిగా, ఓ పేర్‌గా వెళ్తే సమానంగా, ఉద్యోగానికి వెళ్తే జీతానికి. మూడూ గౌరవమైనవే. ఒక పేరుతో తీసుకెళ్లి ఇంకో పని చేయించుకునే చోటికి మాత్రం వెళ్లకండి. ఈ వారం రెండు పనులు చేయండి. మీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ అధికారిని కలిసి దగ్గర్లోని బడిలో గంటలు మొదలుపెట్టండి. మీకొచ్చిన ప్రకటన పంపినవారికి ఒక్క మెయిల్ పెట్టండి: ‘నాకు ఏ వీసా, వారానికి ఎన్ని గంటలు, ఒప్పందం నమూనా పంపండి.’ జవాబు వస్తే చదవండి. రాకపోతే అదీ ఒక జవాబే.